వెళ్తూ వాయించాల్సిన పాట

మొన్న ఆదివారం నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేచాక ఎక్కడికి వెళ్ళాలో తోచదు. వరండాలోకి వెళ్ళి వీధి చూసి, అక్కడ చూడటానికి ఏమీ లేదని చిరాకుపడి మళ్ళీ లోపలికి వస్తున్నాను. "కాలు కాలిన పిల్లిలా ఏమిటండీ ఆ తిరుగుడు? కాసేపు ఒకచోట కూర్చోకూడదూ?" అని మా ఆవిడ కసిరింది. కూర్చోవాలనే నాకూ ఉంది.

తప్పంతా మా మనవరాలి ఫోనుది. సెలవులకని గుడివాడ వచ్చిన పిల్ల పొద్దస్తమానం దాన్ని చూసి తనలో తనే నవ్వుకుంటూ ఉంటుంది. ఆ రోజు నా పక్కకొచ్చి కూర్చుని, "తాతయ్యా, ఇది చూడు, మగాళ్ళు గాగ్రాలు వేసుకుని ఎలా నడుస్తున్నారో!" అంటూ ఫోను నా ముక్కు దాకా తెచ్చింది. స్కాట్లాండులో ఏదో విశ్వవిద్యాలయమట. సైనిక శిక్షణ తీసుకుంటున్న విద్యార్థుల పైపు బ్యాండు. సన్నటి వానలో తడుస్తూ అబ్బాయిలూ అమ్మాయిలూ వరసలు కట్టి నిలబడ్డారు. గళ్ళ గాగ్రాలు, చంకలో తోలుతిత్తి, భుజం మీద నిలువుగా మూడు గొట్టాలు. ముందున్న కుర్రాడు వాయించబోతూ చిటికెన వేలు ఒకసారి విదిలించి, తిత్తి మీద అరచేత్తో ఛెళ్ళున చరిచాడు, మొరాయించే గేదెను అదిలించినట్టు.

నేను ఫోను లాక్కున్నాను. ఆ విదిలింపు నాకు తెలుసు. ఆ చరుపూ తెలుసు. బందరులో మా కాలేజీ మైదానంలో అచ్చం అలాగే వేలు విదిలించే మనిషి ఒకాయన ఉండేవారు. స్కాట్లాండు ఎటువైపుందో కూడా ఆయనకి సరిగ్గా తెలీదు. అయినా ఆ దేశంలోని ఒకానొక విశ్వవిద్యాలయాన్ని బతికినంత కాలం 'మా కాలేజీ' అనే అన్నారు.

పేరు రాయను. ఊళ్ళో ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. మాకు పైపు మాస్టారు, బజార్లో వాళ్ళకి పైపు సాయిబుగారు. ఖొజ్జిల్లిపేటలో ఇల్లు. సైన్యంలో పైపు బ్యాండులో పనిచేసి పింఛనుతో ఇంటికొస్తే, కాలేజీ క్యాడెట్లకి బ్యాండు నేర్పమని మా ప్రిన్సిపాలుగారు పట్టుకొచ్చారు. ఏదో పటాలం వాళ్ళు వదిలేసిన పాత పైపులు కొన్ని, వెలిసిపోయిన డ్రమ్ములు కొన్ని ఎక్కణ్ణుంచో తెప్పించారు. డెబ్బైల చివర బందరు కాలేజీ కుర్రాళ్ళు స్కాట్లాండు వాయిద్యం వాయించడమేమిటని ఇప్పటివాళ్ళకి అనిపించవచ్చు. అప్పుడు మాకూ అనిపించింది.

మాస్టారికి నిలబడటం చేతకాదు. సన్నటి మనిషి, ఖాకీ ప్యాంటు, ఎప్పుడూ మెరిసే నల్లబూట్లు, గెడ్డానికి గోరింటాకు ఎరుపు. టీ కూడా నడుస్తూనే తాగేవారు. టీ కొట్టువాడు గ్లాసు కోసం ఆయన వెంట వీధి చివరిదాకా పరిగెత్తడం కోనేరు సెంటర్లో రోజూ జరిగే తమాషా. బస్సు కోసం ఆగడం ఆయన ఎరగరు. అది వెళ్ళే దారి పట్టుకుని నడిచిపోతూ ఉండేవారు. డ్రైవరే వెనకనుంచి వచ్చి, పక్కన ఆపి, ఎక్కించుకోవాలి. వేళ్ళయితే మరీను. సోడాసీసా మీదా, సైకిలు హేండిలు మీదా, బస్సు కడ్డీ మీదా అవి ఆడుతూనే ఉండేవి. మనం ఏదైనా చెప్పుకుంటుంటే భుజం మీద చెయ్యి వేసేవారు. ఆప్యాయత కాబోలు అనుకుంటాం. కాసేపటికి మన భుజం మీద ఏదో కవాతు పాట నడుస్తూ ఉండేది.

నేను బ్యాండులో చేరతానని వెళ్ళిన రోజున పైపు నా నోట్లో పెట్టి ఊదమన్నారు. ఊదాను. గొంతు నొక్కిన కోడిలాంటి కూత ఒకటి వచ్చింది.

"బుగ్గలు ఉబ్బించకురా, బూర కాదది. పొట్టలోంచి ఊదు."

మళ్ళీ ఊదాను. ఈసారి ఆ కూత కూడా రాలేదు.

"నువ్వు కబుర్లు బాగా చెప్తావట కదా?"

"చెప్తానండీ," అన్నాను గర్వంగా.

"అదీ సంగతి. నీ ఊపిరంతా దానికే చాలట్లేదు. నువ్వు పెద్ద డ్రమ్ము తీసుకో," అన్నారు. అలా నేను పొట్టకి డ్రమ్ము కట్టుకున్నాను. పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చే మా శేషు మాత్రం నెల తిరక్కుండానే పైపు పట్టేశాడు. మాస్టారికి వాడంటే ప్రాణం. ఆ ప్రేమ చూపించాల్సి వచ్చినప్పుడల్లా వాణ్ణి తిట్టేవారు.

'మా కాలేజీ' సంగతి చెప్పాలి. యుద్ధం రోజుల్లో, మాస్టారికి ఇంకా మీసాలు సరిగ్గా రాని వయసులో, ఆయనకి పైపు నేర్పింది ఒక తెల్ల సార్జెంటు. ఆ సార్జెంటు అంతకుముందు స్కాట్లాండులో విశ్వవిద్యాలయం విద్యార్థి, అక్కడి సైనిక శిక్షణ బ్యాండులో పైపరు. చదువు సగంలో వదిలి యుద్ధానికి వచ్చాడు. "ఆయనకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఇద్దరికీ పైపు వచ్చు, సరిపోయింది," అనేవారు మాస్టారు. ఆ సార్జెంటు తన విశ్వవిద్యాలయం బ్యాండులో ఏం చేసేవాళ్ళో అదల్లా ఈయనకి చెప్పాడు, ఈయన అదల్లా శాసనంగా పెట్టుకున్నారు. గురువు చదివిన కాలేజీ గనక శిష్యుడిదీ అదే కాలేజీ. అయిదో తరగతితో ఆపేసిన మనిషి మా డిగ్రీ కుర్రాళ్ళ ముందు నిలబడి, "మా కాలేజీలో అయితేనా, బొత్తాం ఊడిన చొక్కాతో వచ్చినవాణ్ణి గేటు కూడా దాటనివ్వరు," అంటుంటే నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం.

గాగ్రాల విషయంలో పెద్ద రగడే అయింది. వేసుకోవాల్సిందేనని మాస్టారు, వేసుకుంటే మా అబ్బాయిల్ని మాన్పించేస్తామని తల్లిదండ్రులు. చివరికి బజార్లో పచ్చగళ్ళ లుంగీలు కొని, నిలువుగా చింపి, భుజం మీంచి వల్లెవాటు వేయించి రాజీపడ్డారు. ఊరంతా మమ్మల్ని లుంగీ బ్యాండని పిలిచింది. తిత్తి తోలు గాలి వదలకుండా ఉండటానికి స్కాట్లాండులో తీపిపాకం ఏదో పోసేవాళ్ళట. మాస్టారు బెల్లంపాకం పోయించారు. ఆగస్టు పదిహేనున జెండావందనంలో, అందరూ కదలకుండా నిలబడ్డ వేళ, శేషు తిత్తిలోంచి చీమలు బారులు తీరి బయటికొచ్చి వాడి మెడ మీదికి ఎక్కాయి. వాడు కళ్ళనీళ్ళు పెట్టుకుని కూడా పాట ఆపలేదు, కదల్లేదు. దేశభక్తి ఎక్కువైందనుకుని ప్రిన్సిపాలుగారు వాణ్ణి సభలో మెచ్చుకున్నారు. మాస్టారు మాత్రం ఆ సాయంత్రం వాడి మెడకి తనే కొబ్బరినూనె రాశారు.

కాలేజీ వార్షికోత్సవానికి ఇంకో వేడుక. పట్టాలిచ్చే రోజున పైపరు ముందు నడుస్తాడు, పెద్దలంతా అతని వెనకే నడవాలి, ఎంత గొప్పవాళ్ళయినా సరే, అది మా కాలేజీ పద్ధతి అని మాస్టారు పట్టుబట్టారు. మా ప్రిన్సిపాలుగారు సాధువు. నల్లగౌను వేసుకుని, మాస్టారి వెనక, చెమటలు కక్కుతూ గేటు నుంచి హాలు దాకా నడిచారు. వాయించిన పైపరుకి పెద్దాయన స్వయంగా పానం అందించాలి, అతను ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ అయిందని గిన్నె బోర్లించి చూపించి, దాని అడుగున ముద్దుపెట్టుకోవాలి. అక్కడ అందులో పోసేది విస్కీ. మాస్టారు ఐదు పూటలా నమాజు చేసే మనిషి. చెంబులూ బిందెలూ చేసే కంచరి ఒకాయన చేత రెండు చెవుల ఇత్తడిగిన్నె చేయించి, అందులో అల్లం వేసిన మజ్జిగ పోయించారు. ఆయన దాన్ని బోర్లించి ముద్దుపెట్టుకుంటే హాలంతా ఈలలు. ఆయనకి ఆ ఈలలు వినపడినట్టే లేదు. మీసానికి మజ్జిగ అంటుకున్న ఆ మొహం ఎంత గంభీరంగా ఉందో ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

ఆయన అన్నిటికంటే ఇష్టంగా చెప్పే కథ గోడ కథ. మా కాలేజీలో ఒక రాతిగోడ ఉంది, యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని పిల్లల పేర్లు దాని మీద చెక్కి ఉంటాయి అనేవారు. మాస్టారి గురువు బర్మా అడవుల్లోకి వెళ్ళి మరి కనపడలేదు. శవమూ దొరకలేదు. ఆయన పేరు కూడా ఆ గోడ మీద చెక్కారని, యుద్ధం అయ్యాక తెల్ల సిపాయి ఎవరో మాస్టారికి చెప్పాడట. ఏడాదికోసారి ఒకే ఒక్క పైపరు ఆ గోడ ముందు నిలబడి వాయిస్తాడట. అప్పుడు వాయించేదే నేను చెప్పబోయే పాట.

దాన్ని మేము చావుపాట అనుకునేవాళ్ళం. మాస్టారు ఆ పేరు ఎత్తనిచ్చేవారు కాదు. శేషుకి దాన్ని చాంటరు మీద మాత్రమే నేర్పారు. చాంటరంటే సాధన చేసుకునే చిన్న గొట్టం, దానికి తిత్తి ఉండదు, పక్కగదిలోవాళ్ళకి కూడా వినపడదు. నిండు పైపు మీద వాయించి చూస్తానని శేషు ఒకసారి పైపు అందుకోబోతే చేతి మీద కొట్టారు.

"తిత్తితో వాయిస్తే అది ఉత్త పాట కాదురా, కబురు. ఒకసారి పంపాక వెనక్కి పిలవలేం."

దానికి డ్రమ్ములుండవు. డ్రమ్ము వాళ్ళు డ్రమ్ములు కిందపెట్టి నిలబడాలి. పైపరు ఒక్కడే కాసేపు నిలబడి వాయించి, ఆ తర్వాత మెల్లగా నడుచుకుంటూ వెళ్ళిపోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు. ఎవరూ వెంట వెళ్ళకూడదు. వినేవాళ్ళ చెవికి ఆనకుండా పోయినా అతను వాయిస్తూనే ఉండాలి.

"మరి చివర ఎవరికీ వినపడదు కదండీ?" అన్నాను నేను.

"వినపడకూడదు. వినపడితే అయిపోయిందనుకుని ఇళ్ళకి పోతారు," అన్నారు.

ఏడాదికోసారి ఆయన సైకిలు మీద మంగినపూడి వెళ్ళి, సముద్రం ఒడ్డున ఒక్కరే ఆ పాట వాయించి వచ్చేవారు, గురువుగారి కోసం. మమ్మల్ని రానిచ్చేవారు కాదు.

మాస్టారికి ఒక్కతే కూతురు. ఇంట్లో మున్నీ అని పిలిచేవారు. కోడూరు అవతల సముద్రం వైపు ఒక ఊళ్ళో ఇచ్చారు, అల్లుడికి టైలరు కొట్టు. కానుపుకి పుట్టింటికొచ్చినప్పుడు ఆ అమ్మాయి సాయంత్రాలు చంటిపిల్లనెత్తుకుని మైదానానికి వచ్చేది. మమ్మల్నందర్నీ గడగడలాడించే మనిషిని ఆవిడ అందరి ముందే కడిగేసేది.

"ఏం బాబా, ఉన్న ఊపిరంతా ఆ మేకతోలుకే పోసేస్తారు. ఇంటికొచ్చి అమ్మీతో రెండు మాటలు మాట్లాడమంటే ఆయాసమంటారు."

బిడ్డని ఆయన చేతిలో పెట్టి ఆవిడ గట్టు మీద కూర్చునేది. ఆయన కాళ్ళు ఆగడం నేను చూసింది అప్పుడే. పిల్ల లేస్తుందని కదలకుండా నిలబడేవారు. వేళ్ళు మాత్రం దాని వీపు మీద మెల్లగా ఆడుతూనే ఉండేవి. ఆ పిల్ల ఆ పాటకి అలవాటుపడి హాయిగా నిద్రపోయేది.

దీపావళి వెళ్ళిన కొద్దిరోజులకే ఉప్పెన వచ్చింది.

బందరులో ఇళ్ళ కప్పులు లేచిపోయాయి, చెట్లు దారులకడ్డంగా పడ్డాయి. దివిసీమలో ఏం జరిగిందో మాకు వెంటనే తెలీదు. తెలిశాక క్యాడెట్లని లారీల్లో తీసుకెళ్ళారు, చెట్లు నరకడానికని. నరికింది చెట్లు, మోసింది మనుషుల్ని. దాని గురించి నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను. మాస్టారు మాతో వచ్చారు. ఆయన రావాల్సిన అవసరం లేదు, వద్దని కూడా అన్నారు. లారీ ఆగే లోపలే దూకి నడవడం మొదలుపెట్టారు. శేషూ నేనూ ఆయన వెంట పరిగెత్తాం.

మున్నీ వాళ్ళ ఊరు చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరనటానికి ఏమీ లేదు. మట్టిగోడలు కరిగిపోయాయి, తాటిచెట్లన్నీ ఒకేవైపు వంగి పడున్నాయి. ఇల్లు ఉన్నచోట సిమెంటు గడపా, దాని వెనక రుబ్బురోలూ మిగిలాయి. మాస్టారు ఆ రోలు మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. నేను ఆ చేతినే చూస్తున్నాను. వేళ్ళు కదలలేదు. నాకు అప్పుడు భయమేసింది. అంతవరకూ చూసినవాటికి వెయ్యని భయం అప్పుడేసింది.

"అవనిగడ్డ వెళ్ళుంటారు," అన్నారు చివరికి. "ముందే తెలిసి వెళ్ళిపోయుంటారు. అల్లుడు తెలివైనవాడు."

అవనిగడ్డ వెళ్ళాం. అక్కడ లేరు. ఆ తర్వాత ఆయన వెతకని చోటు లేదు. నాగాయలంక అన్నారు, హంసలదీవి అన్నారు, నీళ్ళకి కొట్టుకుపోయి కృష్ణ అవతలి ఒడ్డుకు చేరుంటారని రేపల్లె వెళ్ళారు. ఎవరో చంటిపిల్లతో ఉన్న ఆడమనిషిని ఆస్పత్రిలో చూశామన్నారని ఒకసారి, గుళ్ళో చూశామన్నారని ఇంకోసారి. మధ్యలో బందరు వచ్చి, మాకు పాఠం చెప్పి, మళ్ళీ ఏదో ఒక బస్సు దారిలో నడుస్తూ కనపడేవారు. బూట్లకి మెరుపు పోయింది. ఆయన్ని చూస్తుంటే మాకూ కాళ్ళు నిలిచేవి కావు. సాధనలో పాట పాటకీ వేగం పెరిగిపోయేది, ఎవరం ఎందుకు తొందరపడుతున్నామో ఎవరికీ తెలిసేది కాదు.

కొన్నాళ్ళకి జిల్లా పెద్దలు సంతాపసభ పెట్టారు. కాలేజీ బ్యాండు ఆ పాట వాయించాలన్నారు. ప్రిన్సిపాలుగారు మైదానానికి స్వయంగా వచ్చి, ఎంతో మెత్తగా అడిగారు.

"కుదరదండీ," అన్నారు మాస్టారు.

"పోయినవాళ్ళ కోసమే కదా మాస్టారూ..."

"పోయారని ఎవరండీ చెప్పింది? మట్టి పడ్డవాళ్ళకే వాయించాలి. దొరకనివాళ్ళకి వాయించకూడదు. మా కాలేజీ పద్ధతి అది."

ఆ పద్ధతి మేము అంతకుముందు ఎప్పుడూ వినలేదు. శేషు నా వంక చూశాడు, నేను వాడి వంక చూశాను. గోడ కథ ఇద్దరికీ గుర్తుంది. ఆయన మొహం చూస్తూ ఆ మాట ఎవరనగలరు? ప్రిన్సిపాలుగారు తలవంచుకుని వెళ్ళిపోయారు. శేషు చేత వాయింపిద్దామని ఎవరో అన్నారట. మాస్టారు వాయించమంటే తప్ప వాయించనని శేషు చెప్పేశాడు.

మర్నాడు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, మైదానం గేటు దగ్గర రిక్షా ఆగింది. నల్లబురఖాలో ఒకావిడ దిగి, ముసుగు వెనక్కి వేసుకుని, మా వరసల మధ్యనుంచి నేరుగా వచ్చింది. మాస్టారి భార్యని మేము అంతవరకూ తలుపు సందులోంచి చూడటమే. వాళ్ళింట్లో ఉర్దూలో మాట్లాడుకునేవాళ్ళు. ఆవేళ ఆవిడ తెలుగులోనే మాట్లాడింది. మేమంతా వినాలనే అలా మాట్లాడిందని నా నమ్మకం.

"ఏమండీ, సభలో వాయించనన్నారట."

"నువ్వెందుకొచ్చావిక్కడికి? ఇంటికి పద, వచ్చి మాట్లాడతా."

"ఇంట్లో మీరెక్కడ మాట్లాడుతున్నారు? బూట్లు విప్పకుండానే మళ్ళీ బయల్దేరతారు. ఒకరోజు రేపల్లె, ఒకరోజు బాపట్ల. నేను పోయినవాళ్ళకి ఫాతిహా చదివిద్దామంటే నోరు మూయమంటారు. ఏడిస్తే అపశకునమంటారు. దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకుంటున్నాను. నేనెక్కడ ఏడవాలండీ? మీరే చెప్పండి, ఏ ఊరెళ్ళి ఏడవాలి?"

మాస్టారు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. "దొరకలేదు. ఇంకా దొరకలేదంతే. దొరకనివాళ్ళకి వాయించకూడదు."

"ఎవరు చెప్పారు?"

"పద్ధతి. మా కాలేజీ..."

"మీ గురువుగారు దొరికారా?"

ఆయన ఆగిపోయారు.

"పెళ్ళయిన కొత్తలో చెప్పారు నాకా గోడ సంగతి. మున్నీకి జోలపాటకి బదులు అదే చెప్పారు. దొరకని పిల్లల పేర్లు రాతి మీద రాస్తారు, వాళ్ళ కోసం ఒక్కడే నిలబడి వాయిస్తాడు అని మీరే కదండీ చెప్పింది. ఏడాదికోసారి సముద్రం దగ్గరికెళ్ళి ఆయనకి వాయిస్తున్నారు. ముక్కూ మొహం తెలీని ఆ తెల్లదొరల పిల్లలకి వాయిస్తున్నారు. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి కొత్త పద్ధతి వచ్చిందా?"

ఆవిడ గొంతు తగ్గించి, "మున్నీకి వాయించండి. చంటిదానికీ, దాని నాన్నకీ. సభలో వద్దు. ఇక్కడే, ఇప్పుడే," అంది.

మాస్టారు ఆవిడ వంక చాలాసేపు చూశారు. ఆ మనిషి అంతసేపు నిలబడి ఉండటం పిల్లని ఎత్తుకున్నప్పుడు తప్ప నేను చూడలేదు. తర్వాత, "శేషూ, నా పైపు," అన్నారు.

గొట్టాలు శ్రుతి చేసుకున్నారు. చిటికెన వేలు విదిలించారు. తిత్తి మీద చరిచారు, ఛెళ్ళుమని కాదు, మెత్తగా. ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే మేము వరసలు కట్టి నిటారుగా నిలబడ్డాం. నేను డ్రమ్ము విప్పి గడ్డి మీద పెట్టాను.

అన్నాళ్ళూ చాంటరు మీద గుసగుసలా విన్న పాటని నిండు పైపు మీద వినడం అదే మొదలు. అది ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. ఏడ్చాను, అంతే. నేను ఏడ్చాను, శేషు ఏడ్చాడు, లారీల్లో వెళ్ళొచ్చిన వాళ్ళమంతా ఏడ్చాం. అప్పటిదాకా మాలో ఒక్కడూ ఏడవలేదని నాకు అప్పుడే తెలిసింది. మొదటి స్వరం లేవగానే ఆ తల్లి ఉన్నచోటే కూలబడి, రెండు చేతులతో నేల కొడుతూ, మైదానం దద్దరిల్లేలా ఏడ్చింది. "మున్నీ, మున్నీ" అంటూనే ఉంది. మాస్టారు ఆపలేదు. ఆవిణ్ణి చూడనూ లేదు.

కాసేపటికి ఆయన మెల్లగా అడుగు తీసి గేటు వైపు నడిచారు, పాటకి తగ్గట్టు, అడుగు అడుగుకీ ఆగుతూ. ఆ మనిషి అంత నెమ్మదిగా నడవగలరని ఎవరూ అనుకోరు. గేటు దగ్గరపడేసరికి ఆవిడ లేచింది. బురఖా అంచుతో మొహం తుడుచుకుని ఆయన వెనకే బయల్దేరింది. వెంట ఎవరూ వెళ్ళకూడదు. శేషు ఆపబోయాడు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను.

ఇద్దరూ గేటు దాటి కోనేరు సెంటరు వైపు తిరిగారు. రిక్షావాడు ఖాళీ రిక్షా తోసుకుంటూ వాళ్ళ వెనక నడిచాడు. రోడ్డు మీద సైకిళ్ళు ఆగాయి. మేము గేటు దగ్గరికి పోకుండా అక్కడే నిలబడి విన్నాం. పాట దూరమైంది, బస్సు హారను ఒకటి దాన్ని కప్పేసింది, మళ్ళీ సన్నగా వినిపించింది, ఆ తర్వాత వినిపిస్తోందో లేదో తేల్చుకోలేని స్థితి చాలాసేపు ఉంది. చీకటిపడే వేళకి ఒక్కొక్కళ్ళం డ్రమ్ములు తీసుకుని గదికి చేర్చాం. ఎవరం ఇంటికి పోదామని అనలేదు.

సభలో శేషు వాయించాడు. మాస్టారే వాయించమన్నారు. తర్వాత సాధన మామూలుగానే జరిగింది, టీ కొట్టువాడు మామూలుగానే గ్లాసు కోసం పరిగెత్తాడు. ఆయన రేపల్లె బస్సు దారిలో నడవడం మాత్రం మానేశారు. నేను ఉద్యోగాల మీద ఊళ్ళు తిరిగి, ఆయన పోయిన సంగతి కూడా ఆలస్యంగా విన్నాను. ఎవరైనా వాయించారా అని అడగడానికి అప్పటికి శేషు కూడా లేడు.

నిన్న మా మనవరాలు నా తిరుగుడు చూసి జాలిపడి, అదే విశ్వవిద్యాలయం వాళ్ళది ఇంకో పాట వెతికి పెట్టింది. రాతిగోడ ముందు ఒక్కడే పైపరు. రెండు స్వరాలకే పోల్చుకున్నాను. చివరికి వస్తోందనగా ఫోను ఆపేయమన్నాను.

"అదేంటి తాతయ్యా, అయిపోవచ్చింది కదా?"

"అందుకే ఆపమంటున్నానమ్మా."

అది పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. నేను లేచి వరండాలోకి వచ్చేశాను. ఆ సాయంత్రం బందరు రోడ్డు మీద ఆ పాట ఎక్కడ ఆగిందో మాకెవరికీ తెలీదు. ఏ మలుపులో ఆగిందో, ఆగాక ఆయన వెనక్కి తిరిగి చూశారో లేదో కూడా తెలీదు. వెంట ఎవరూ రాకూడదని పద్ధతి పెట్టిన మనిషి, చివరిదాకా తన వెనకే చెప్పుల చప్పుడు వింటూ నడిచారు. ఆ పాట చివర విన్నది ఆ తల్లి ఒక్కతే.